టీచరు కావాలంటే ఏ కాగితాలు కావాలి? ముందు ఏ తరగతో తేల్చుకోండి

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ని (ఎస్జీటీ). చుట్టాలు, పాత విద్యార్థుల అమ్మానాన్నలు, ఊళ్లో తెలిసినవాళ్లు అందరిదీ ఒకటే ప్రశ్న. "టీచరమ్మా, మా పిల్ల టీచరవుతానంటోంది. డీఎడ్ చేయించాలా, డిగ్రీ చదివించి బీఎడ్ చేయించాలా? ఏది పెద్దది?"

అసలు చిక్కంతా ఆ "ఏది పెద్దది" దగ్గరే ఉంది. డీఎడ్ కంటే బీఎడ్ పెద్దది, బీఎడ్ ఉంటే ఏ తరగతికైనా చెప్పొచ్చు, టెట్ పాసైతే ఉద్యోగం వచ్చినట్టే అని మనలో చాలామంది అనుకుంటారు. ఈ మూడూ తప్పే. ఈ నమ్మకాల వల్ల రెండేళ్లు చదివి, పరీక్ష రాసి, చివరికి సర్టిఫికెట్ల పరిశీలనలో వెనక్కి వచ్చినవాళ్లను నేను చూశాను. అందుకే ఫోన్లో చెప్పే సంగతులన్నీ ఒకచోట రాస్తున్నాను. ఎవరు అడిగినా నా మొదటి మాట మాత్రం ఒకటే. కోర్సు సంగతి తర్వాత, ముందు ఏ వయసు పిల్లలకు చెప్పాలని ఉందో తేల్చుకోండి.

మన దగ్గర టీచరుకు లైసెన్సు ఉందా?

డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. లాయరు బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుంటాడు. టీచరుకు అలాంటి పుస్తకం, అలాంటి నంబరు మన దేశంలో లేవు. (ఒక్క మినహాయింపు ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్లు భారత పునరావాస మండలి దగ్గర నమోదు కావాలి. ఆ నమోదును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి కూడా. ఆ దారిలో వెళ్లేవాళ్లు ఈ సంగతి మరవొద్దు.) మిగతా టీచర్లకు లైసెన్సు అనదగ్గది ఒక కాగితం కాదు, రెండు కాగితాల జత. ఒకటి శిక్షణ పొందినట్టు డిప్లొమా గానీ డిగ్రీ గానీ. రెండోది టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష. ఈ రెండూ చేతిలో ఉంటే బడిలో పాఠం చెప్పే అర్హత వచ్చినట్టు. ఉద్యోగం ఇంకా రాలేదు. సర్కారు బడిలో ఉద్యోగానికి డీఎస్సీ అనే మూడో గడప దాటాలి. డీఎస్సీ అంటే నిజానికి జిల్లా ఎంపిక కమిటీ. కమిటీ పేరే జనం నోట్లో పరీక్ష పేరైపోయింది.

ఈ అర్హతలు నిర్ణయించేది రాష్ట్రం కాదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అందులోని 23వ సెక్షన్ ప్రకారం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా చెప్పే టీచర్ల కనీస అర్హతలను జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి, అంటే ఎన్‌సీటీఈ, ఖరారు చేస్తుంది. ఆ సంస్థ 2010 ఆగస్టు 23న మొదటి నోటిఫికేషన్ ఇచ్చింది. టెట్ అనే మాట టీచర్ల జీవితాల్లోకి వచ్చింది ఆ కాగితంతోనే. ఆ గీత లోపల పరీక్షలు పెట్టడం, పోస్టులు లెక్కగట్టడం, రిజర్వేషన్లు అమలుచేయడం, నియమించడం రాష్ట్రాల పని. కాబట్టి "ఆ రూల్ ఎందుకు పెట్టారు?" అని జిల్లా విద్యాశాఖ ఆఫీసులో నిలదీసి లాభం లేదు. సగం రూళ్లు ఢిల్లీలో పుడతాయి, సగం అమరావతిలోనో హైదరాబాద్‌లోనో పుడతాయి.

పదిహేడు రాయమంటే నూట ఏడు రాసిన పిల్ల

ఇప్పుడు ఆ "ఏది పెద్దది" దగ్గరికి వస్తాను. ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పాలంటే డీఎడ్ చేయాలి. ఇప్పుడు దాని అసలు పేరు డీఎల్ఈడీ, మన పెద్దవాళ్లు టీటీసీ అనేవారు. ఇంటర్‌లో 50 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 45) ఉండి, డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకుంటే రెండేళ్ల కోర్సు. జిల్లాల్లోని డైట్ కాలేజీలు ఇందుకోసమే పెట్టినవి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒక సబ్జెక్టు చెప్పాలంటే, అంటే స్కూల్ అసిస్టెంట్ కావాలంటే, ఆ సబ్జెక్టుతో డిగ్రీ, ఆపైన బీఎడ్ ఉండాలి.

డిగ్రీ తర్వాత చదివేది కాబట్టి బీఎడ్ పెద్దదన్న భావన పాతుకుపోయింది. అదే భావనతో 2018 జూన్ 28న ఎన్‌సీటీఈ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. బీఎడ్ చేసినవాళ్లు కూడా ప్రాథమిక తరగతులకు చెప్పొచ్చు, ఉద్యోగంలో చేరిన రెండేళ్లలో ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలు అన్నది దాని సారాంశం. లక్షల మంది బీఎడ్ అభ్యర్థులకు అది పెద్ద ఊరట. డీఎడ్ వాళ్లకు మాత్రం పిడుగుపాటు. ఉన్న ఒక్క దారిలోకీ ఇంకొకరు వచ్చి నిలబడ్డారు. వ్యవహారం రాజస్థాన్ హైకోర్టుకు వెళ్లింది. ఆ కోర్టు 2021 నవంబరులో నోటిఫికేషన్‌ను కొట్టేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. ప్రాథమిక విద్య ప్రాథమిక హక్కు అయినప్పుడు అది నాణ్యమైన విద్య అయి తీరాలి, చిన్నపిల్లలకు చెప్పే బోధనా పద్ధతుల్లో శిక్షణ లేనివారిని ఆ తరగతులకు అర్హులనడం కుదరదు అన్నది తీర్పులోని కీలకం. ఆ తేదీకి ముందే నియమితులైన బీఎడ్ టీచర్ల ఉద్యోగాలకు ఢోకా లేదని 2024 ఏప్రిల్‌లో స్పష్టత కూడా వచ్చింది. ఆ తేదీ తర్వాత మాత్రం ఎస్జీటీ పోస్టుకు బీఎడ్ చెల్లదు.

ఈ తీర్పు వచ్చిన రోజుల్లో మా బంధువుల్లో ఒకబ్బాయి నాతో వాదనకు దిగాడు. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఎడ్, మంచి మార్కులు. "అక్కా, ఎమ్మెస్సీ చదివినవాడు ఒకటో తరగతి లెక్కలు చెప్పలేడా? ఇదేం న్యాయం?" అన్నాడు. ఒక రోజు మా బడికి రమ్మన్నాను. ఒకటో తరగతి పిల్లలకు పలకల మీద అంకెలు చెప్పి రాయించమన్నాను. పదకొండు, పన్నెండు బాగానే సాగాయి. పదిహేడు అనగానే ముందు వరుసలో కూర్చున్న పిల్ల 107 అని రాసింది. మావాడు "తప్పమ్మా" అని చెరిపేసి 17 వేసి చూపించాడు. పిల్ల తల ఊపింది. కాసేపాగి మళ్లీ పదిహేడు అంటే మళ్లీ 107 రాసింది. మూడోసారి మావాడి గొంతు పెరిగింది, పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ పిల్ల తప్పు విన్నది లేదు. పది-ఏడు అని వింది. పది ఎలా రాస్తారో తెలుసు, ఏడు ఎలా రాస్తారో తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టింది. విన్నదానికి అంతకంటే నిజాయతీగా ఎవరు రాయగలరు? నేను చీపురు పుల్లలు తీసి పది లెక్కపెట్టించి, రబ్బరు బ్యాండుతో కట్ట కట్టించాను. పక్కన విడిగా ఏడు పుల్లలు పెట్టించాను. "కట్టలెన్ని?" "ఒకటి." "విడివెన్ని?" "ఏడు." "కట్టల ఇంట్లో ఒకటి, విడివాటి ఇంట్లో ఏడు వెయ్యి." 17 వేసింది. తర్వాత పద్దెనిమిది తనే కట్టుకుంది. కట్టలు, విడి పుల్లలు, స్థానవిలువ, ఆరేళ్ల పిల్ల ఎందుకు అలా ఆలోచిస్తుంది, ఎక్కడ ఆగి ఎక్కడ అడుగు వేయించాలి అన్నదే డీఎడ్ రెండేళ్లలో నేర్పేది. బీఎడ్‌లో ఇది ఉండదు, ఉండనక్కర్లేదు. అక్కడ తొమ్మిదో తరగతి పిల్లకు బీజగణితం ఎలా చెప్పాలో నేర్పుతారు. ఆ పని నాకు రాదు. ఇవి రెండూ వేర్వేరు పనులు, ఒకటి పైమెట్టూ ఒకటి కిందిమెట్టూ కాదు. మావాడు ఆ సాయంత్రం ఏమీ వాదించలేదు. తర్వాత స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు చదివాడు.

అందుకే ఫోన్ చేసిన తల్లికి నేను తిరిగి ప్రశ్న వేస్తాను. మీ పిల్ల ఇంటికి వచ్చిన చిన్నపిల్లలతో గంటలు గంటలు ఆడుతుందా, లేక ఒక సబ్జెక్టంటే ప్రాణం పెడుతుందా? మొదటిదైతే ఇంటర్ తర్వాత డీసెట్. రెండోదైతే డిగ్రీ, బీఎడ్. ఇరవై ఏళ్లకే సంపాదనలో పడాలన్న అవసరం ఉన్న ఇళ్లలో డీఎడ్ దగ్గరి దారన్నది కూడా నిజమే, దాన్ని తక్కువచేయను.

బీఎడ్ దారిలో గుంతలు

బీఎడ్ 2015 నుంచి రెండేళ్లయింది. అంతకుముందు ఏడాదే. 20 వారాలు బడిలో ఉండి పాఠాలు చెప్పాలన్నది నిబంధన. ఇది చాలా విలువైన కాలం. కాలేజీ ఎంచుకునేటప్పుడు నేను మొదట అడగమనేది దీని గురించే.

మన ఊళ్లలో ఒక మాట చాటుగా తిరుగుతుంటుంది. "ఫలానా రాష్ట్రంలో కాలేజీ ఉంది, వెళ్లక్కర్లేదు, పరీక్షలప్పుడు వెళ్తే చాలు, బీఎడ్ చేతికొస్తుంది." దయచేసి నమ్మకండి. ఎన్‌సీటీఈ గుర్తింపు లేని కాలేజీలో చేసిన కోర్సు ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల ఉద్యోగానికి పనికిరాదని 1993 నాటి ఎన్‌సీటీఈ చట్టమే చెబుతోంది. నాకు తెలిసిన ఒకమ్మాయి పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. డీఎస్సీలో మార్కులొచ్చాయి, పరిశీలనలో కాలేజీ గుర్తింపు దగ్గర ఆగిపోయింది. కట్టిన డబ్బు, రెండేళ్ల కాలం, తెచ్చుకున్న ర్యాంకు మూడూ పోయాయి. చేరే ముందు కాలేజీ పేరును ఎన్‌సీటీఈ జాబితాలో చూసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. దూరవిద్యలో బీఎడ్ ఉంది కానీ అది ఇప్పటికే శిక్షణ పొందినవాళ్లకు. డిగ్రీ అవగానే ఇంట్లో కూర్చుని చేసేది కాదు.

రెండో గుంత మెథడాలజీ, అంటే బీఎడ్‌లో ఏ సబ్జెక్టు చెప్పడం నేర్చుకుంటారో అది. డిగ్రీలో చదివిన సబ్జెక్టు, బీఎడ్‌లో తీసుకున్న మెథడాలజీ, డీఎస్సీలో అప్లై చేసే పోస్టు ఈ మూడూ ఒక వరుసలో ఉండాలి. డిగ్రీలో బయాలజీ చదివి, సీటు దొరికిందని సోషల్ మెథడాలజీలో చేరినవాళ్లు చివర్లో ఏ పోస్టుకూ సరిపోక నిలబడిపోతారు. బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ కౌన్సెలింగ్ రోజున ఐదు నిమిషాల్లో తీసుకునే ఈ నిర్ణయం ముప్పై ఏళ్ల ఉద్యోగాన్ని నిర్ణయిస్తుంది. గత డీఎస్సీ నోటిఫికేషన్ తెరిచి, కావాల్సిన పోస్టుకు ఏ డిగ్రీ, ఏ మెథడాలజీ అడిగారో చూసుకుని అప్పుడు సీటు తీసుకోండి.

ఇంటర్ తర్వాత నేరుగా నాలుగేళ్లలో డిగ్రీ, బీఎడ్ కలిపి చేసే కోర్సులు కూడా ఉన్నాయి. మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థలో ఇవి అరవైల నుంచే నడుస్తున్నాయి. తెలుగు రాష్ట్రాల పిల్లలకు అక్కడ సీట్లున్నాయి, అయినా మన ఊళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. 2020 జాతీయ విద్యావిధానం 2030 కల్లా ఈ నాలుగేళ్ల కోర్సే టీచరుకు కనీస అర్హత కావాలని చెప్పింది. ఐటెప్ పేరుతో 2023 నుంచి కొన్ని సంస్థల్లో మొదలైంది, దీనికి జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు దీని మీద ఒక కన్నేసి ఉంచాలి.

టెట్: పాసైతే చాలదు, మార్కులూ లెక్కే

శిక్షణ కాగితం తర్వాత టెట్. 150 బిట్లు, 150 మార్కులు, రెండున్నర గంటలు, మైనస్ మార్కులు లేవు. పేపర్ వన్ ఒకటి నుంచి ఐదు తరగతులకు, పేపర్ టూ ఆరు నుంచి ఎనిమిదికి. శిశువికాసం, బోధనా పద్ధతులకు 30, మొదటి భాషకు 30, ఇంగ్లిష్‌కు 30, మిగిలిన 60 సబ్జెక్టుకు. మన రెండు రాష్ట్రాల్లో ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 మార్కులొస్తే అర్హత. ఒకప్పుడు ఈ సర్టిఫికెట్ ఏడేళ్లే చెల్లేది. 2021లో దాన్ని జీవితకాలం చేశారు, 2011 నాటి సర్టిఫికెట్లకు కూడా వర్తింపజేశారు. పాత టెట్ కాగితాన్ని పాతపేపర్లలో వేయకుండా దాచుకున్నవాళ్లకు అది అక్కరకొచ్చింది.

చాలామంది "టెట్ క్వాలిఫై అయ్యాను కదా" అని ఊరుకుంటారు. ఇక్కడే పొరపాటు. మన డీఎస్సీ 100 మార్కుల్లో 80 డీఎస్సీ పరీక్షవి, 20 టెట్ వెయిటేజీ. లెక్క వేసి చూడండి. టెట్‌లో 15 మార్కులు పెరిగితే వెయిటేజీలో 2 మార్కులు పెరుగుతాయి. డీఎస్సీలో ఒక్కో బిట్టు అర మార్కు, అంటే 2 మార్కులు తెచ్చుకోవాలంటే నాలుగు బిట్లు అదనంగా సరిగ్గా రాయాలి. అర మార్కు తేడాలో వందల మంది నిలిచే చోట ఇది చిన్న విషయం కాదు. టెట్ ఎన్నిసార్లయినా రాయొచ్చు, ఎక్కువ వచ్చిన మార్కులనే లెక్కలోకి తీసుకుంటారు. డీఎస్సీ ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, చేతిలో పని లేదనుకునే ఆ కాలంలో, టెట్ మార్కులు పెంచుకోవడమే అన్నిటికంటే గిట్టుబాటైన పని.

ఒక అన్యాయం గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. తెలంగాణ టెట్‌లో ఎన్‌సీటీఈ నమూనా ప్రకారం పేపర్ టూలో ఆ 60 మార్కులకు గణితం-సైన్స్ గానీ సోషల్ గానీ ఎంచుకోవాలి. మరి తెలుగు పండితుల సంగతేంటి? జీవితమంతా ఛందస్సు, వ్యాకరణం చదివిన మనిషి సోషల్ బిట్లతో కుస్తీ పట్టాలి. తన సబ్జెక్టులో తనను పరీక్షించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు కదా. భాషా పండితులు ఏళ్ల తరబడి చేస్తున్న ఈ విన్నపం న్యాయమైనదని నా అభిప్రాయం.

కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల వైపు చూసేవాళ్లకు సీబీఎస్‌ఈ పెట్టే సీటెట్ కావాలి. అందులోనూ తెలుగును భాషగా ఎంచుకోవచ్చు. జూనియర్ కాలేజీ లెక్చరర్ దారి మళ్లీ వేరు. అక్కడ పీజీ ముఖ్యం, టెట్ ఉండదు.

డీఎస్సీ, స్టడీ సర్టిఫికెట్ల సంచి

డీఎస్సీలో కష్టం సిలబస్ కాదు, ఎదురుచూపు. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ తర్వాత భర్తీ దాకా వెళ్లిన డీఎస్సీ 2024లోనే, 11,062 పోస్టులకు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మళ్లీ 2025లో మెగా డీఎస్సీ, 16,347 పోస్టులు. రెండు చోట్లా మధ్యలో వచ్చిన నోటిఫికేషన్లు రద్దయ్యాయి. ఏడేళ్లంటే ఇరవై ఒకటేళ్ల పిల్లకు ఇరవై ఎనిమిది వస్తాయి. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, చదివిన పుస్తకాలు మారిపోతాయి. అవనిగడ్డ లాంటి కోచింగ్ ఊళ్లలో అద్దె గదిలో చంటిబిడ్డను అమ్మ ఒళ్లో పెట్టి చదువుకునే తల్లులున్నారు. ఖాళీలు లెక్కగట్టి ఏటా ఇన్ని పోస్టులని ఒక క్యాలెండర్ ప్రకారం భర్తీ చేస్తే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది. అర్హత రూళ్లు ఎంత కట్టుదిట్టంగా పెడుతున్నారో, అర్హులకు అవకాశం ఇచ్చే తేదీలు కూడా అంత కట్టుదిట్టంగా ఉండాలని అడిగే హక్కు వీళ్లకుంది.

స్థానికత సంగతి ముందే తెలుసుకోవాలి. టీచరు పోస్టు జిల్లా పోస్టు. తెలంగాణలో 95 శాతం పోస్టులు స్థానికులకే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 డీఎస్సీ నాటికి అది 80 శాతం. స్థానికులంటే ఆ ఊళ్లో పుట్టినవాళ్లో, ఆధార్ అక్కడున్నవాళ్లో కాదు. ఏపీలో నాలుగు నుంచి పది, తెలంగాణలో ఒకటి నుంచి ఏడు తరగతుల్లో ఎక్కువ ఏళ్లు ఏ జిల్లాలో చదివారన్నది లెక్క. నాన్న ఉద్యోగం బదిలీల వల్లో, వలసల వల్లో నాలుగు బడులు మారిన పిల్లలు ఇక్కడ చిక్కుల్లో పడతారు.

2024లో మా ఊరి అమ్మాయి ఒకామె ఎంపికయ్యాక స్టడీ సర్టిఫికెట్ల కోసం తిరిగిన తిరుగుడు నేను పక్కనుండి చూశాను. మూడో తరగతి చదివిన ప్రైవేటు బడి మూతపడి పదేళ్లయింది. ఆ భవనంలో ఇప్పుడు ఎరువుల దుకాణం ఉంది. రికార్డులు మండల విద్యాధికారి ఆఫీసులో ఉండొచ్చని ఒకరన్నారు, అక్కడ లేవన్నారు. చివరికి పాత హెడ్మాస్టర్ గారి ఇంట్లో అటక మీద అడ్మిషన్ రిజిస్టర్ దొరికింది. చెదలు అంచులు తిన్నాయి కానీ ఈమె పేరున్న వరుస మిగిలింది. ఆ పేజీ చూసి హెడ్మాస్టర్ గారి భార్య, "ఈ పిల్లేనా? మా పెరట్లో జామకాయలు కోసేది" అంది. ఆ అమ్మాయి అక్కడే ఏడ్చేసింది. అందుకని చెబుతున్నాను. నోటిఫికేషన్ కోసం ఆగొద్దు. ఒకటి నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం పత్రాలు, టెట్ మార్కుల కాగితం ఇప్పుడే ఒక ఫైలులో పెట్టుకోండి.

ప్రైవేటు బడి, పరాయి దేశం

టెట్, శిక్షణ నియమాలు ప్రైవేటు బడులకు కూడా వర్తిస్తాయి. చట్టం సర్కారు బడి పిల్లలు, ఫీజు కట్టే పిల్లలు అని తేడా చూపలేదు. అమలు మాత్రం వేరేలా ఉంది. డిగ్రీ మధ్యలో ఆపిన పిల్లలు కూడా నర్సరీకి, ఒకటో తరగతికి పాఠాలు చెబుతున్న బడులు మన చుట్టూ ఉన్నాయి. ఆ అమ్మాయిలను తప్పుపట్టను, తక్కువ జీతానికి వాళ్లను పెట్టుకునే పద్ధతినే తప్పుపడతాను. బస్సు ఉందా, ఏసీ ఉందా అని అడిగే తల్లిదండ్రులు, మా పిల్లకు చెప్పే టీచరు డీఎడ్ చేసిందా, టెట్ రాసిందా అని కూడా అడగాలి.

ఈ మధ్య అమెరికా నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. ఇక్కడ బీఎడ్ చేసి, భర్తతో వెళ్లి, పనిచేసే అనుమతి వచ్చాక మళ్లీ బడిలో అడుగుపెట్టాలనుకునే ఆడపిల్లలు. అక్కడ లైసెన్సు నిజంగానే ఉంటుంది, ఒక్కో రాష్ట్రానికి ఒక్కోటి. ఉదాహరణకు మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో ముందు మన డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమో కాదో గుర్తింపు ఉన్న సంస్థతో మదింపు చేయించుకోవాలి. తర్వాత ఒక టీచర్ శిక్షణ కార్యక్రమంలో చేరాలి. డిగ్రీ ఉన్నవాళ్లు ఉద్యోగం చేస్తూనే శిక్షణ పూర్తిచేసే ప్రత్యామ్నాయ దారి కూడా ఉంది. సబ్జెక్టు పరీక్ష, బోధనా పద్ధతుల పరీక్ష పాసవ్వాలి. వేలిముద్రలు తీసుకుని నేరచరిత్ర చూస్తారు. చాలామంది ముందు సబ్‌స్టిట్యూట్ టీచరుగా చేరి అక్కడి తరగతి గది అలవాటు చేసుకుంటారు. అక్కడ క్లాస్‌రూమ్ టీచరు సర్టిఫికెట్ ఐదేళ్లే చెల్లుతుంది. 150 గంటల వృత్తి శిక్షణ చూపించి పునరుద్ధరించుకోవాలి. వెళ్లేముందు ఇక్కడి యూనివర్సిటీ నుంచి సీల్డు కవర్లో ట్రాన్‌స్క్రిప్టులు తీసుకెళ్లడం మరవొద్దు. తర్వాత తెప్పించడం చాలా కష్టం.

ఉద్యోగంలో ఉన్నవాళ్ల టెట్

అమెరికాలో ఐదేళ్లకోసారి గంటలు చూపించాలంటే మనవాళ్లు ఆశ్చర్యపోతారు. మన దగ్గర ఒకసారి ఉద్యోగం వస్తే అర్హత గురించి మళ్లీ ఎవరూ అడిగేవారు కాదు. 2025 సెప్టెంబరు 1న అది మారింది. విద్యాహక్కు చట్టానికి ముందు చేరినవాళ్లకు కూడా టెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు చెప్పింది. రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి, లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు కొనసాగొచ్చు, కానీ టెట్ లేకుండా ప్రమోషన్ రాదు. మైనారిటీ విద్యాసంస్థలకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపింది.

నేను ఈ విషయంలో రెండు వైపులా లాగబడుతున్నాను. పిల్లలకు అర్హత ఉన్న టీచరే ఉండాలన్న మాట మీదే ఈ వ్యాసమంతా రాశాను. ఆ మాట నాకు మాత్రం వర్తించకూడదని అనలేను. కానీ ఈ టీచర్లు దొడ్డిదారిన రాలేదు. అప్పటి రూళ్ల ప్రకారం శిక్షణ పొంది, అప్పటి డీఎస్సీ రాసి, మెరిట్‌లో వచ్చారు. 2010 నోటిఫికేషనే వాళ్లకు మినహాయింపు ఇచ్చింది. పదిహేనేళ్ల తర్వాత ఆ మినహాయింపు పోయింది. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషిని బిట్లతో కాక తరగతి గదిలోనే చూసి అంచనా వేసే పద్ధతి ఒకటి ఉంటే బాగుండేదని నా మనసు చెబుతోంది. అది వచ్చేదాకా మాత్రం చదవక తప్పదు.

మా స్టాఫ్ రూంలో ఒక మేడమ్ ఉన్నారు. 2001లో చేరారు, ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసుంది. మధ్యాహ్న భోజనం పిల్లలకు వడ్డించాక, అన్నం తింటూ ఎడమచేత్తో పుస్తకం పేజీలు తిప్పుతుంటారు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పే పియాజే దశలు ఆమెకు గుర్తుండడం లేదట. "ఏడేళ్ల లోపు పిల్లలకు పొడవు గ్లాసులో నీళ్లే ఎక్కువ కనిపిస్తాయని ఇందులో రాశారు చూడమ్మా. ఇన్నేళ్లూ మన పిల్లలు అలాగే అన్నారు కదా, దానికో పేరుందని ఇప్పుడే తెలిసింది" అన్నారు నిన్న. సాయంత్రం బడి వదిలాక మేమిద్దరం గంటసేపు కూర్చుని పాత పేపర్లు చేస్తున్నాం. ఇంగ్లిష్ ఆమెకు కష్టంగా ఉంది, గణితం నేను చెబుతున్నాను. గడువు 2027 ఆగస్టు చివరికి ముగుస్తుంది.